ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, బాపు చేతులు మాత్రం పట్టు తప్పాయి

పరకాల_పత్తిరైతు · ఆదివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. మా బాపుకు అరవై దాటాయి. నిన్న సాయంత్రం పత్తి బోరాలు దించుతూ ట్రాక్టర్ ట్రాలీ మీది నుంచి జారి ముందుకు పడ్డాడు. నుదురు, గడ్డం సిమెంటు గద్దెకు తగిలి తల ఒక్కసారిగా వెనక్కి వాలింది. స్పృహ తప్పలేదు. తానే లేచి మంచం దాకా నడిచాడు. దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడకు ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, వయసుతో వచ్చిన అరుగుదల ఉంది అని చెప్పి నొప్పి మాత్రలిచ్చి పంపించారు.

ఈ రోజు పొద్దున్నుంచి చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడు. అన్నం కలిపితే ముద్ద నోటిదాకా రావడం లేదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. రెండు అరచేతులూ కారం రాసినట్టు మండుతున్నాయంటున్నాడు. కాళ్లు కొంచెం బిగుసుకున్నట్టున్నా నడుస్తున్నాడు. "కాళ్లు ఆడుతున్నాయి కదా, నరాలకేమీ కాలేదు" అని మా అమ్మ అంటోంది. నాకు మనసు ఒప్పడం లేదు. రేపు పొద్దున మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్తే సరిపోతుందా?

వార్డు_సిస్టర్ · ఆదివారం రాత్రి 9:02

తమ్ముడూ, రేపటిదాకా ఆగవద్దు. ముందు ఇవి చూసి చెప్పండి. పొద్దున్నుంచి మూత్రం ఎన్నిసార్లు, ఎంత వచ్చింది? బొడ్డు కింద పొట్ట ఉబ్బి గట్టిగా ఉందా? తొడల లోపలి వైపు, కూర్చునే చోట, మలద్వారం చుట్టూ తాకితే తెలుస్తోందా? గట్టిగా దగ్గగలుగుతున్నాడా?

ఈలోగా ఆయనను నడిపించకండి. పడుకోబెట్టండి. మెడను వంచవద్దు, వెనక్కి వాల్చవద్దు, పక్కకు తిప్పి చూడవద్దు. వయసైనవారికి మెడ సహజంగానే కొంచెం ముందుకు వంగి ఉంటుంది కాబట్టి తల కింద పల్చగా మడిచిన దుప్పటి ఉంచండి, బలవంతంగా మంచానికి ఆనించకండి. తువ్వాళ్లు చుట్టలు చుట్టి తలకు అటూ ఇటూ పెట్టండి. 108కు ఫోన్ చేయండి.

పరకాల_పత్తిరైతు · ఆదివారం రాత్రి 9:20

అక్కా, మూత్రానికి రెండుసార్లే వెళ్లాడు, అదీ చుక్కలు చుక్కలుగా. పొట్ట కింద గట్టిగానే ఉంది, కానీ నొప్పేమీ లేదంటున్నాడు. స్పర్శ తెలుస్తోంది. దగ్గు బాగానే వస్తోంది. 108కు చేశాను, వస్తున్నామన్నారు.

ఊరిమాట · ఆదివారం రాత్రి 9:31

ఇంతగా భయపెట్టాలా? నడిచే మనిషికి వెన్నుపాము దెబ్బ ఏమిటి? వెన్నుపాము పోతే మనిషి మంచం నుంచి లేవడు, అందరికీ తెలిసిన సంగతే. పెద్దాయన అదిరిపోయి ఉంటాడు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మా వైపు మెడలు, నడుములు లాగి సరిచేసే పెద్దమనిషి ఉన్నాడు. ఎంతోమంది వెళ్లి బాగయ్యారు. నంబరు ఇస్తున్నాను.

నిర్వాహకుడు · ఆదివారం రాత్రి 9:36

పై సందేశంలోని ఫోన్ నంబరు తొలగించాం.

ఫిజియో_కరీంనగర్ · ఆదివారం రాత్రి 9:58

ఊరిమాట గారూ, మీరు చెప్పింది వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నప్పటి సంగతి. ఇక్కడ వచ్చిన ప్రశ్న అది కాదు. సగం దెబ్బతిన్న వెన్నుపాముతో నడుచుకుంటూ వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. ఆ మెడను ఎవరైనా పట్టి లాగితే మిగిలిన సగం కూడా పోతుంది. మీ పెద్దమనిషి మీద నాకు కోపం లేదు, కానీ ఈ మనిషి మెడ మీద ఆయన చేయి పడకూడదు.

వెన్నుపాము చిటికెన వేలంత మందం కూడా ఉండదు. అందులోనే వేర్వేరు పనులకు వేర్వేరు దారులున్నాయి. కండరాలను కదిలించే ఆజ్ఞలు ఒక దారిన కిందికి దిగుతాయి. నొప్పి, వేడి, చలి కబురు ఇంకో దారిన పైకి వెళ్తుంది. కాలు ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలిపే కబురు వెనుక వైపు దారిన వెళ్తుంది. మూత్రం, మలం మీద అదుపుకు మరో ఏర్పాటు. దెబ్బ ఏ దారికి తగిలితే ఆ పని చెడుతుంది, తక్కినవి నడుస్తూనే ఉంటాయి. అందుకే కాళ్లు ఆడుతున్నాయన్న ఒక్క ధైర్యంతో కూర్చోకూడదు.

మీ బాపుకు ఉన్న లక్షణాలు మెడ దగ్గర వెన్నుపాము నడిమి భాగం దెబ్బతిన్నప్పుడు కనిపించేవి. చేతులు కాళ్లకంటే ఎక్కువ బలహీనపడతాయి, వేళ్లు మరీను. అరచేతుల మంట ఉంటుంది. మూత్రం నిలిచిపోతుంది. పాక్షికంగా దెబ్బతిన్నవాటిలో ఎక్కువగా కనిపించే రకం ఇదే. 1954లో ష్నైడర్ అనే న్యూరోసర్జన్, ఆయన సహచరులు దీన్ని వివరించారు. మెడ ఎముకలు ముందే అరిగిన పెద్దవయసువారు గడ్డం, నుదురు కొట్టుకుని పడినప్పుడు తల వెనక్కి వాలుతుంది. ముందు వైపు నుంచి పెరిగిన ఎముక మొనలు, వెనక వైపు నుంచి పూసలను కలిపే ముడతపడిన పట్టీ కలిసి మధ్యలో వెన్నుపామును నొక్కేస్తాయి. క్షణంలో తల మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఎముక విరగదు. ఎక్స్‌రేలో అరుగుదల తప్ప మరేమీ కనిపించదు.

ఇది నిర్ధారణ కాదు. చూడకుండా ఎవరూ నిర్ధారించలేరు. కానీ ఈ లక్షణాలున్న మనిషికి ఈ రాత్రే ఎంఆర్‌ఐ కావాలని మాత్రం గట్టిగా చెప్పగలను.

వార్డు_సిస్టర్ · ఆదివారం రాత్రి 10:05

పొట్ట గట్టిగా ఉండి నొప్పి లేదన్నాడు చూశారా, అదే నన్ను ఎక్కువగా భయపెడుతోంది. మామూలు మనిషికి మూత్రం బిగిస్తే కాలు నిలవదు. ఈయనకు మూత్రాశయం నిండిన కబురు పైకి అందడం లేదు. చుక్కలుగా వచ్చేది నిండిపోయి పొర్లేది. ఆసుపత్రిలో దిగగానే మొదట ఈ మాట చెప్పండి, పైపు వేస్తారు.

అంబులెన్స్ వాళ్లు పలక మీదికి మార్చేటప్పుడు తల పట్టుకునే మనిషి ఒకరు, ఒంటిని తిప్పేవారు ముగ్గురు ఉండాలి. తల పట్టుకున్న మనిషి చెప్పినప్పుడే అందరూ ఒక్కసారి తిప్పాలి. చంకల కింద చేతులు వేసి లేపనివ్వకండి. దారిలో నీళ్లు, చాయ్ ఏమీ తాగించవద్దు, ఆపరేషన్ అవసరం పడవచ్చు. వరంగల్ ఎంజీఎంకా, హైదరాబాద్ నిమ్స్‌కా అన్నది అంబులెన్స్ సిబ్బందితో, అక్కడి డాక్టర్లతో మాట్లాడి తేల్చుకోండి. ఎంఆర్‌ఐ, న్యూరోసర్జన్ రెండూ ఉన్నచోటికి చేరడం ముఖ్యం.

గీతన్న_కొడుకు · సోమవారం ఉదయం 6:15

రాత్రంతా ఈ చర్చ చదివాను. మాది జనగామ వైపు. మా నాన్న తాడి ఎక్కుతూ మోకు జారి పడ్డాడు. గీత వృత్తిలో ఉన్న కుటుంబాలకు ఈ భయం కొత్తకాదు, ప్రతి ఊరిలో ఒకరైనా తాటిచెట్టు మీది నుంచి పడి మంచానపడ్డవారు ఉంటారు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, బెల్టులు ఇవ్వడం మొదలుపెట్టింది. మా నాన్న పడిన నాటికి అవి లేవు.

ఒక సంగతి చెప్పాలి, ఎవరూ మాట్లాడరు కాబట్టి. ఆసుపత్రిలో చేరిన రాత్రి డాక్టర్ నాన్నను పక్కకు తిప్పించి మలద్వారం చుట్టూ సూదితో తాకుతూ తెలుస్తోందా అని అడిగాడు. తర్వాత గ్లవుజు వేసుకుని లోపల వేలు పెట్టి, బిగపట్టు అన్నాడు. మా బాబాయి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. నడుము విరిగిన మనిషికి అక్కడ పరీక్ష ఏమిటని గొడవపడ్డాడు. నాన్న సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు.

ఆ పరీక్షతోనే నాన్న దెబ్బ పూర్తిదా పాక్షికమా అని తేల్చారని తర్వాత తెలిసింది. రెండు కాళ్లు కదలకపోయినా అక్కడ కొంచెం స్పర్శ మిగిలింది. అంటే పై నుంచి చిట్టచివరి దాకా ఏదో ఒక దారి తెరిచి ఉందన్నమాట. నాన్న ఇప్పుడు రెండు కర్రల సాయంతో మా వాకిలి దాటి రోడ్డు దాకా వస్తాడు. చెట్టు ఎక్కలేడు. కల్లు మండువా దగ్గర కూర్చుని లెక్కలు చూస్తాడు.

ఆర్థో_పీజీ · సోమవారం ఉదయం 7:40

గీతన్న కొడుకు గారు చెప్పిన పరీక్ష గురించి రెండు మాటలు. వెన్నుపాము నరాల్లో అన్నిటికంటే కిందివి మలద్వారం చుట్టూ స్పర్శనిస్తాయి. అక్కడ స్పర్శ గానీ, లోపలి ఒత్తిడి తెలియడం గానీ, బిగపట్టగలగడం గానీ ఏదో ఒకటి మిగిలితే దెబ్బ పాక్షికం. ఏదీ లేకపోతే పూర్తి. ప్రపంచమంతా వాడే ఎ నుంచి ఇ దాకా ఉన్న గ్రేడులు దీని మీదే నిలబడ్డాయి. ఎ అంటే పూర్తి దెబ్బ. బి అంటే స్పర్శ ఉంది, కదలిక లేదు. సి, డి రెండింటిలోనూ కదలిక ఉంటుంది. దెబ్బ కింది ముఖ్య కండరాల్లో కనీసం సగం, భూమి ఆకర్షణకు ఎదురుగా చేతినో కాలినో లేపగలిగితే డి, లేకపోతే సి. ఇ అంటే మామూలు స్థితి. ఒక్కో వైపు 10 కండరాలు, 28 స్పర్శ చోట్లు చూస్తాం. కేసు షీటులో ఆ అక్షరం రాశారో లేదో అడగండి, రాయకపోతే రాయమనండి.

ఇంకో చిక్కు ఉంది. దెబ్బ తగిలిన తొలి రోజుల్లో వెన్నుపాము మొత్తంగా మూగబోయే దశ ఒకటి వస్తుంది. దెబ్బ కింద కండరాలు వదులైపోతాయి, మోకాలి మీద కొట్టినా కాలు ఎగరదు. అది తీరడానికి రోజులు పట్టవచ్చు, వారాలు పట్టవచ్చు. ఆ దశలో, ఇక అంతే, కదలిక రాదు అని ఎవరు చెప్పినా తొందరపాటే. అదేవిధంగా, తప్పకుండా నడుస్తాడు అని చెప్పినా తొందరపాటే.

పరకాల_పత్తిరైతు · సోమవారం ఉదయం 10:25

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రే చేర్చాం. దిగగానే పైపు వేస్తే సంచిలోకి 900 మి.లీ. పైగా వచ్చింది. తెల్లవారుజామున ఎంఆర్‌ఐ తీశారు. మెడలో నాలుగు, ఐదు పూసల దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి వాచిందన్నారు. ఫిజియో గారు రాసిన రకమే అన్నారు. గ్రేడు డి అని రాశారు. ఆపరేషన్ గురించి పెద్ద డాక్టరు మధ్యాహ్నం చెబుతారట. బీపీ తగ్గనివ్వకూడదని ఐసీయూలో ఉంచారు. దెబ్బ మెడకు తగిలితే బీపీ సంగతి ఏమిటి?

ఆర్థో_పీజీ · సోమవారం ఉదయం 10:50

రక్తనాళాలను బిగువుగా ఉంచే నరాలు కూడా వెన్నుపాము గుండానే వెళ్తాయి. మెడకు, ఛాతీ పైభాగానికి దెబ్బ తగిలితే అవి వదులై బీపీ పడిపోతుంది, నాడి కూడా నెమ్మదిస్తుంది. రక్తం పోయి బీపీ పడితే నాడి పరుగెడుతుంది కదా, ఇక్కడ అలా ఉండదు. వాచిన వెన్నుపాముకు రక్తం అందకపోతే మిగిలిన దారులూ దెబ్బతింటాయి. అందుకే మొదటి వారం బీపీని కాస్త ఎక్కువగానే ఉంచుతారు.

ఆపరేషన్ సంగతి ఇక్కడ మేమెవరమూ తేల్చకూడదు. వెన్నుపామును ఎముక నొక్కుతూ ఉంటే 24 గంటల్లోపు ఒత్తిడి తీసేయడం మేలని ఇప్పుడు ఎక్కువమంది సర్జన్లు నమ్ముతున్నారు. మీ బాపు రకం దెబ్బలో మాత్రం ఎప్పుడు చేయాలన్నదానిపై వాదాలున్నాయి. వాపు తీసేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇమ్మని బంధువులు ఒత్తిడి చేస్తారు. ఒకప్పుడు అందరికీ ఇచ్చేవారు. లాభం తక్కువ, ఇన్ఫెక్షన్లు ఎక్కువ అని తేలాక 2013 నాటి అమెరికన్ న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు దాన్ని వాడవద్దన్నాయి. ఇవ్వలేదంటే నిర్లక్ష్యం చేశారని అనుకోకండి.

కాజీపేట_డ్రైవర్ · సోమవారం మధ్యాహ్నం 1:10

నేనూ ఒకటి చెబుతాను. బైకు మీద వెళ్తుంటే లారీ నుంచి ఊడిన ఇనుప ముక్క మెడ కింద వెన్నులో గుచ్చుకుంది. కుడికాలు బలహీనం, ఈడుస్తూ నడుస్తాను. ఎడమకాలు గట్టిది, దాని మీదే బండి నడుస్తోంది. విచిత్రం ఏమిటంటే వేడి, నొప్పి తెలియనిది ఆ గట్టి కాలికే. సైలెన్సర్ తగిలి పిక్క కాలింది, ఇంటికి వెళ్లి ప్యాంటు తీసేదాకా తెలియలేదు. డాక్టర్లకు చెబితే నవ్వి, పుస్తకంలో ఉన్నట్టే ఉన్నావన్నారు. ఎందుకిలా?

ఫిజియో_కరీంనగర్ · సోమవారం మధ్యాహ్నం 1:45

పుస్తకంలో ఉన్నట్టే ఉన్నారు నిజంగానే. వెన్నుపాము ఒక పక్క సగమే తెగినప్పుడు ఇలా జరుగుతుంది. బ్రౌన్ సెకార్ అనే వైద్యుడు 19వ శతాబ్దంలో వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. కండరాల ఆజ్ఞలు మెదడు కింద దాటుకుని వచ్చేశాక వెన్నుపాములో అదే పక్కన దిగుతాయి. నొప్పి, వేడి కబురు మాత్రం వెన్నుపాములోకి రాగానే అవతలి పక్కకు దాటి పైకి వెళ్తుంది. కాబట్టి కుడివైపు తెగితే కుడికాలు బలం పోతుంది, ఎడమకాలికి నొప్పి, వేడి తెలియవు. పాక్షిక దెబ్బల్లో తిరిగి నడిచే అవకాశం బాగా ఉన్న రకం ఇది.

మీ గట్టి కాలినే రోజూ పడుకునే ముందు అద్దం పెట్టి చూసుకోండి. అరికాలు, మడమ, పిక్క. స్నానం నీళ్లు చేత్తో, అదీ స్పర్శ బాగా ఉన్న చేత్తో చూశాకే పోసుకోండి.

దీనికి ఎదురు రకం కూడా ఉంది. వెన్నుపాము ముందు భాగానికి రక్తం అందకపోతే కదలిక, నొప్పి, వేడి మూడూ పోతాయి. కాలి బొటనవేలు పైకి ఉందా కిందికి ఉందా అన్నది మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలుగుతారు. తాకితే తెలుస్తోంది కాబట్టి బాగైపోతుందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కోలుకోవడం కష్టమైన రకం అదే.

ములుగు_విద్యార్థి · సోమవారం మధ్యాహ్నం 2:20

క్షమించండి, మధ్యలో వస్తున్నాను. మా అన్న మొన్న బావి గట్టు మీది నుంచి కూలబడి పడ్డాడు. నడుం నొప్పి. నిన్నటి నుంచి రెండు కాళ్లలోకీ నొప్పి లాగుతోంది. పొద్దున్నుంచి కూర్చుంటే కింద మొద్దుగా ఉంది, పీట తగిలినట్టే లేదంటున్నాడు. నిన్న రాత్రి నుంచి మూత్రం రాలేదు. మాత్రలు వాడితే తగ్గుతుందా?

వార్డు_సిస్టర్ · సోమవారం మధ్యాహ్నం 2:23

ఫోన్ పక్కన పెట్టి 108కు కాల్ చేయండి. ఇప్పుడే. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదట్లోనే ముగుస్తుంది, దాని కింద నరాల గుత్తి ఉంటుంది. ఆ గుత్తి నొక్కుకుపోయినప్పుడు కనిపించే లక్షణాలివి. కూర్చునే చోట మొద్దు, మూత్రం ఆగడం, రెండు కాళ్లలో నొప్పి. గంటలు గడిచేకొద్దీ మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోయే ప్రమాదం పెరుగుతుంది. ఆసుపత్రిలో "నడుం నొప్పి" అని చెప్పకండి, ఓపీ వరుసలో కూర్చోబెడతారు. "పడ్డాడు, కింద స్పర్శ లేదు, మూత్రం రావడం లేదు" అని చెప్పండి.

సిరిసిల్ల_అక్క · సోమవారం సాయంత్రం 5:30

నేను చక్రాల కుర్చీలో ఉంటాను. ఛాతీ నాలుగో పూస, గ్రేడు బి. తాకితే తెలుస్తుంది, కాళ్లు కదలవు. ఈ "తాకితే తెలుస్తుంది" అన్న మాటతో నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు. స్పర్శ ఉంది కదా, మనసు పెట్టి ప్రయత్నించు, లేస్తావు అని ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో ఒకరైనా చెబుతారు. బద్ధకమన్న అత్త కూడా ఉంది. మా ఆయనకు పిల్లనిస్తామని వచ్చినవాళ్లూ ఉన్నారు, నేను గదిలో ఉండగానే. వాళ్లకు చాయ్ ఇచ్చి పంపించాడు. పాక్షికం అంటే కొంచెం దెబ్బ అని కాదు, కొన్ని దారులు మూసుకుపోయాయని అర్థం. మూసుకుపోయిన దారి మనసు పెడితే తెరుచుకోదు.

పై భాగంలో దెబ్బ ఉన్నవారి ఇంట్లోవాళ్లు ఒకటి తప్పకుండా తెలుసుకోవాలి. ఛాతీ ఆరో పూస దగ్గర గానీ, దానికి పైన గానీ దెబ్బ ఉన్నవాళ్లకు మూత్రం పైపు మడతపడినా, మలబద్ధకం ఉన్నా, ఎక్కడో పుండు లేచినా బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలిపోతుంది, ముఖం ఎర్రబడి చెమటలు పోస్తాయి. నా మామూలు బీపీ పై అంకె 95. అది 140కి వెళ్లినరోజు ఊరి ఆసుపత్రిలో చూసి, ఈ వయసుకు ఇది మామూలే అన్నారు. మాకు మామూలుకంటే 20, 40 పెరిగినా ప్రమాదమే. పక్షవాతం రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అలా వచ్చినప్పుడు పడుకోబెట్టకూడదు. కూర్చోబెట్టి, బిగుతు బట్టలు, నడుం పట్టీ వదులు చేసి, ముందు పైపు ఎక్కడ మడతపడిందో వెతకాలి.

ఇంకోటి, ఎండలు. దెబ్బ కింది భాగంలో మాకు చెమట సరిగా పట్టదు. రామగుండం, మంచిర్యాల వైపు వేసవి సంగతి చెప్పనవసరం లేదు. మే నెలలో నాకు జ్వరమని మందులేశారు, అది జ్వరం కాదు, ఒళ్లు వేడిని వదిలించుకోలేకపోవడం. తడిబట్ట మెడ మీద వేసి, ఫ్యాను కింద కూర్చుంటే దిగింది. జ్వరంలో కారణం వెతకడం కూడా మానకూడదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ మాకు తరచూ వచ్చేదే.

పరకాల_పత్తిరైతు · బుధవారం రాత్రి 9:15

నిన్న ఆపరేషన్ అయింది. కాళ్ల బిగువు కొంత తగ్గింది. ఈ రోజు పట్టుకుని కూర్చోబెట్టారు. వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. పిడికిలి బిగిస్తే విప్పడం కష్టంగా ఉంది. బాపు నాతో ఎక్కువ మాట్లాడటం లేదు, పత్తి మార్కెట్‌కు ఎప్పుడు తీసుకెళ్తావని ఒక్కటే అడుగుతున్నాడు. ఎనుమాముల మార్కెట్‌కు మా చిన్నాన్న తీసుకెళ్తాడని చెప్పాను. చేతులు ఎన్నాళ్లకు వస్తాయి?

ఫిజియో_కరీంనగర్ · బుధవారం రాత్రి 10:00

ఈ రకంలో కోలుకునే వరుస సాధారణంగా ఇలా ఉంటుంది: ముందు కాళ్లు, తర్వాత మూత్రం, తర్వాత భుజాలు, మోచేతులు, చివరికి వేళ్లు. వేళ్లు పూర్తిగా రాకపోవచ్చు కూడా. మార్పు ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో కనిపిస్తుంది, ఏడాది దాకా నెమ్మదిగా సాగుతుంది. అంతకుమించి నేను తేదీ చెప్పను, చెప్పినవారిని నమ్మకండి. మూలకణాల ఇంజెక్షన్‌తో నడిపిస్తామని లక్షలు అడిగేవారు ఈ రాతలు చదివి మీకు ఫోన్ చేయవచ్చు. వాళ్లతో మాటలు కలపకండి.

పిడికిలి ఎంత వేగంగా తెరిచి మూయగలడో ప్రతి వారం పది సెకన్లు లెక్కపెట్టండి. మామూలు మనిషి 20 సార్లకు పైగా చేస్తాడు. అంకె రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత డాక్టర్ అడిగితే, కొంచెం మెరుగే అన్న జవాబుకంటే ఆ అంకెలే పనికొస్తాయి. అంకె తగ్గుతూ వస్తే వెంటనే చూపించండి.

తినడానికి చెంచా పిడికి పాత సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడగండి. పళ్లెం కింద తడిగుడ్డ వేస్తే జారదు. గుండీల చొక్కాలు పక్కన పెట్టి లాల్చీలు కుట్టించండి. మీ అమ్మ ముద్ద చేసి పెడితే తొందరగా అయిపోతుంది, నిజమే, కానీ ఆయన చేత్తో అరగంట తింటేనే వేళ్లకు వ్యాయామం. మంట ఎక్కువైతే డాక్టర్ గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి రాస్తారు. మామూలు నొప్పి మాత్రలు ఆ మంటకు పెద్దగా పనిచేయవు.

ఊరిమాట · బుధవారం రాత్రి 10:20

పెద్దాయన కులాసాగా లేచి తిరగాలని కోరుకుంటున్నాను. నేను చెప్పిన మనిషి దగ్గరికి వెళ్లి బాగయినవాళ్లు ఉన్నారన్నది మాత్రం అబద్ధం కాదు.

గీతన్న_కొడుకు · బుధవారం రాత్రి 10:32

బాగయినవాళ్లు వచ్చి చెబుతారు అన్నా. బాగుకానివాళ్లు మంచం మీది నుంచి లేచి వచ్చి చెప్పరు.

గీతన్న_కొడుకు · బుధవారం రాత్రి 10:50

పత్తిరైతు అన్నా, కాగితాల సంగతి ఇప్పుడే చూసుకోండి. డిశ్చార్జి షీటు, ఎంఆర్‌ఐ రిపోర్టు, గ్రేడు రాసిన కాగితం అన్నీ ఒకచోట పెట్టండి. లోపం మిగిలితే వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ వైద్య శిబిరంలో పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా సౌకర్యాలు. దివ్యాంగుల పింఛను 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. ఒక ఇబ్బంది చెబుతాను. మీ బాపు లాంటివారు నడుచుకుంటూ వెళ్తారు కాబట్టి చూసేవారికి లోపం కనిపించదు. చేతుల బలం, మూత్రం అదుపు గురించి డాక్టర్ రాసిన కాగితం లేకుండా వెళ్లకండి.

ములుగు_విద్యార్థి · గురువారం ఉదయం 8:05

అన్నకు సోమవారం రాత్రే ఆపరేషన్ చేశారు. కాళ్ల నొప్పి తగ్గింది. స్పర్శ కొంచెం కొంచెం వస్తోంది. మూత్రం ఇంకా పైపుతోనే. సిస్టర్ గారు రాసిన మాటలే చీటీ మీద రాసుకుని వెళ్లి చదివాను, వరుసలో నిలబెట్టలేదు.

పరకాల_పత్తిరైతు · తర్వాతి మంగళవారం సాయంత్రం 6:40

ఇంటికి వచ్చాం. పైపు తీసేశారు. మూత్రం తానే పోస్తున్నాడు, ధార సన్నగా ఉంది. పోసిన వెంటనే స్కానింగ్ చేస్తే లోపల 220 మి.లీ. మిగిలిందన్నారు. రాత్రిళ్లు లేవడం కష్టమని అమ్మ సాయంత్రం నుంచి నీళ్లు ఇవ్వడం తగ్గించింది. ఇది సరైనదేనా అక్కా?

వార్డు_సిస్టర్ · మంగళవారం సాయంత్రం 7:05

పడుకునే ముందు రెండు గంటలు తగ్గిస్తే సరే, సాయంత్రం నుంచే కట్టేస్తే కాదు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకమూ వస్తుంది. పగటిపూట బాగా తాగించండి. 220 మిగలడం మామూలు కాదు. ఉన్నకొద్దీ తగ్గుతుందో లేదో వారంలో మళ్లీ స్కానింగ్ చేయించండి. తగ్గకపోతే నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన సన్నని గొట్టంతో ఇంట్లోనే ఖాళీ చేయడం నేర్పిస్తారు, ఒక్కోసారి 500 మి.లీ. దాటకుండా చూసుకోవాలి. మీ బాపు వేళ్లతో ఆ గొట్టం పట్టుకోలేడు కాబట్టి మీరు నేర్చుకోవాలి, అమ్మ కూడా. ఆయన ముందుగా వద్దంటాడు. ఒకటి రెండుసార్లు మగ నర్సుతో చేయించి చూపించమని అడగండి, ఒప్పుకుంటాడు.

పిక్కలు రెండూ రోజూ చూడండి. ఒకటి రెండోదానికంటే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నూనె పెట్టి మర్దన చేయవద్దు, వెంటనే తీసుకురండి.

పరకాల_పత్తిరైతు · మంగళవారం సాయంత్రం 7:18

మర్దన చేసే మనిషిని రేపటికి పిలిచి ఉంచింది అమ్మ. ఇప్పుడే వద్దని చెప్పి వస్తాను.